రెండింటికి మాయమయ్యే రెండంగుళాలు

కరెంటు హౌసులో గేటు పని చేసే ఆయన్ని అందరూ అంగుళం అనే పిలుస్తారు. పెద్దవాళ్లు అంగుళం అంటారు, చిన్నవాళ్లు అంగుళం బాబాయి అంటారు, పాలు పోసే ఆమె అయితే అంగుళంగారూ అని మర్యాద కూడా తగిలిస్తుంది. అలాగని మనిషి పొట్టివాడేం కాదు, ఏ గుమ్మం దాటాలన్నా తల వంచాల్సినంత పొడగరి. ఆ పేరు తెచ్చిపెట్టింది ఆయన నోరే. వాన ఎంత పడిందో అంగుళాల్లో చెబుతాడు. గ్లాసులో టీ ఎంత వెలితిగా ఉందో అంగుళాల్లో చెబుతాడు. వీధి చివరి ఇంటివాళ్లు మేడ మీద గది లేపుతుంటే, కింద నిలబడి తలెత్తి చూసి, ఎడమ గోడ ముప్పావు అంగుళం ఒరిగిందన్నాడు. మేస్త్రీ లోపల్లోపల తిట్టుకుంటూ తూకం గుండు వేలాడదీసి చూస్తే, ఒరిగింది అక్షరాలా ముప్పావు అంగుళమే.

ఆ కన్ను ఆయనకి ఊరికే రాలేదు. పందొమ్మిదో ఏట పనిలో చేరాడు. కొండ మీద మడుగు, కొండ కింద మిషన్ల ఇల్లు, రెంటికీ మధ్య మనిషి నిలువునా నడిచి వెళ్లగలిగేంత లావు గొట్టం. మడుగులో నీళ్లు ఆ గొట్టంలో పడి, కిందికి దూకి, రెండు టర్బైన్లను తిప్పుతాయి. నీళ్లు గొట్టంలోకి దిగే చోటే గేటు, దాని ముందు ఇనుప కమ్మీల చట్రం ఉంటుంది. కొట్టుకొచ్చిన ఆకులూ కొమ్మలూ చెప్పులూ, ఒకసారి నాలుగు కాళ్లూ బాగున్న ఒక కుర్చీ కూడా, అక్కడే ఆగిపోతాయి. పొడుగాటి కొంకితో వాటిని లాగి గట్టున పడేయడమే ఆయన మొదటి ఉద్యోగం. ఆ కుర్చీ ఇప్పటికీ గేటు గదిలో ఉంది. ఆయన కూర్చునేది దాని మీదే.

మడుగు అంచున, నీళ్లలో, తెల్ల రంగు మీద నల్లటి అంకెలు రాసిన కొలబద్ద నిలబెట్టి ఉంటుంది. గంటకోసారి దాన్ని చూసి, ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు అని రిజిస్టరులో రాయాలి. కింద ఆఫీసువాళ్లు ఆ అంకె చూసుకునే ఎంత కరెంటు తీయాలో చెబుతారు. అప్పట్లో ఆ పని చేసేది గేటు తాత. అంగుళం చేరిన మూడో ఏడు, వానలు సరిగా లేని ఒక మధ్యాహ్నం, ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. రెండు మిషన్లూ పూర్తిగా తిప్పండి, మడుగులో నీళ్లున్నాయిగా, అని. తాత వద్దని చెప్పాడు. అవతలి గొంతు వినలేదు. సాయంత్రానికి నీళ్లు గొట్టం మూతి దాకా దిగాయి. సుడి లేచింది. గొట్టం నీళ్లతో పాటు గాలి మింగి, పెద్ద జంతువు గుటక వేసినట్టు చప్పుడు చేసింది. ఆ మరుక్షణం కింద నుంచి దడదడలు. పెద్ద మిషను బేరింగు ముక్కలైంది. అది బాగుపడే దాకా నాలుగు నెలలు ఒక్క మిషనుతోనే గడిచింది.

ఆ మర్నాడు తాత రిజిస్టరు తెరిచి, కొలబద్ద వంక చూసి, ఉన్నదానికి నాలుగు తగ్గించి రాశాడు. పక్కనే ఉన్న కుర్రాడికి ఒక్కటే మాట చెప్పాడు. "చూసింది కళ్లకి, రాసేది ఆఫీసుకి. ఈ నాలుగూ మనిద్దరి మధ్యే ఉండాలి."

తాత దిగిపోయాక అంగుళం గేటు ఎక్కాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన ఏ రోజూ ఆ నాలుగంగుళాలు రాయలేదు. మిషను మళ్లీ గాలి మింగలేదు. పెళ్లయింది, కూతురు పుట్టింది, కూతురు చదివి వేరే ఊళ్లో ఆసుపత్రిలో నర్సుగా చేరింది, జుట్టు నెరిసింది. నాలుగంగుళాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇది తప్పని ఆయనకి ఎన్నడూ తోచలేదు. గడుసు ఇల్లాలు బియ్యం డబ్బాలో అడుగున గుప్పెడు మిగుల్చుకున్నంత మామూలు పని అనుకున్నాడు.

కథ ఇక్కడి నుంచే జోరందుకుంటుంది.

ఒకరోజు మేనేజరు మిషన్ల ఇంట్లో అందరినీ నిలబెట్టి సంగతి చెప్పాడు. ఇన్నాళ్లూ కరెంటుని ఒక్కరికే, ఒకే ధరకి, పాత ఒప్పందం మీద అమ్ముతున్నారు. వచ్చే ఏడాది ఆ ఒప్పందం తీరిపోతుంది. ఇప్పుడు చుట్టుపక్కల ప్రాంతాలన్నీ తీగలు కలుపుకుని ఒక ఉమ్మడి బజారు పెట్టాయట. అందులో కరెంటుకి పావుగంటకో ధర. ఎండ కాసేటప్పుడు సూర్యుడి పలకల కరెంటు దండిగా ఉంటుంది కాబట్టి ధర పడుకుంటుంది. పొద్దువాలి అందరూ దీపాలు వేసుకునే వేళకి లేచి కూర్చుంటుంది. అమ్మేవాడు పావుగంట పావుగంటకీ ఎంతిస్తాడో ముందే చెప్పాలి, చెప్పింది చెప్పినట్టు ఇవ్వాలి. చేరాలా వద్దా అని యజమానులు ఆలోచిస్తున్నారు. నాలుగు వారాలు ఉత్తుత్తి బేరం ఆడి చూడమన్నారు. బేరం కుదిరితే చేరతారు, రెండు మిషన్లూ తిరుగుతాయి. కుదరకపోతే పెద్ద మిషను ఆపేసి, మూడు షిఫ్టుల్ని ఒకటికి దించుతారు.

మిగతావాళ్లు షిఫ్టుల మాట విని దిగులుపడ్డారు. అంగుళానికి మాత్రం చెవుల్లో బజారు మాటే గింగురుమంటోంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన నీళ్లని ఎవరూ ఇంతలా అడగలేదు. పొద్దున మిగిల్చిన అంగుళం సాయంత్రం ఎన్ని రెట్లు పలుకుతుందో తల్చుకుంటే కాళ్లు నేల మీద నిలవలేదు. రెండువందల పన్నెండు మెట్లూ ఎక్కి గేటు గదికి పోయాక గానీ, టిఫిన్ డబ్బా కిందే మరిచిపోయానని గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ దర్జీ. వీధి వైపు గదిలో మిషను వేసుకుని, పిల్లల గౌన్లూ జాకెట్లూ కుడుతుంది. సూది నోట్లో పెట్టుకునే వింటుంది, సూది నోట్లో పెట్టుకునే జవాబు చెబుతుంది.

"ఇందులో కొత్తేముందండీ? బడులు తెరిచే వారంలో నా కుట్టుకూలి ఒకటి, మామూలు రోజుల్లో ఒకటి. అందరికీ ఒకేసారి కావాలంటే రేటు పెరగదూ?"

"అదీ నిజమే. ఇంకోటి విను. చెప్పినదానికంటే తక్కువిస్తే తప్పు వేస్తారట. ఎక్కువిచ్చినా తప్పేనట. ఎక్కువిస్తే తప్పేమిటో!"

"జాకెట్టు బిగుతుగా కుట్టినా తప్పే, వదులుగా కుట్టినా తప్పే. కొలత అన్నాక ఇంకేముంటుంది?"

ఆ మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో తెలియలేదు.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయికి లెక్కలమ్మాయి అని మొదటి పూటే పేరు పడిపోయింది. కంట్రోల్ రూములో మేనేజరు బల్ల పక్కన ఇంకో బల్ల వేయించుకుని, కంప్యూటరు పెట్టుకుని, పాత రిజిస్టర్లన్నీ అటకల మీంచి దింపించింది. ఇన్నేళ్లూ ఆఫీసువాళ్లు రోజుకొక్క సగటు అంకె మాత్రమే తీసుకునేవారు. షిఫ్టుకో కాగితం చొప్పున కుట్టిన ఆ గంటగంటల లెక్క ఎవరూ విప్పి చూడలేదు. ఈ అమ్మాయి ఒక్కొక్క గంటా ఎక్కించడం మొదలుపెట్టింది. అంగుళానికి షిఫ్టు పొద్దున ఆరు నుంచి రెండు దాకా. రెండింటికి దిగిపోయి ఇంటికి పోకుండా కంట్రోల్ రూములోనే తచ్చాడేవాడు. తెర మీద ధర పావుగంటకోసారి మారడం ఆయనకి ఆటలా ఉండేది. "ఇప్పుడు పెరుగుద్ది చూడమ్మా," అనేవాడు. పెరిగేది. "ఎలా చెప్పారు బాబాయ్ గారూ?" అంటే, కిటికీలోంచి కొండ మీది మబ్బు చూపించేవాడు. ఎండ తగ్గితే పలకల కరెంటు తగ్గదూ మరి!

ధర సంగతి అలా ఉంటే, అసలు బేరం మాత్రం తప్పుతూనే ఉంది. సాయంత్రానికి ఇంత ఇస్తామని కంప్యూటరు చెబుతుంది, తీరా చూస్తే మిషన్లు వేరేలా ఇస్తాయి. మూడో వారం శుక్రవారం మధ్యాహ్నం లెక్కలమ్మాయి ఒక పొడుగాటి కాగితం బల్ల మీద పరిచింది. మడుగు నీటి మట్టం గీత అది. సాఫీగా పోయి పోయి, మెట్టు దిగినట్టు ఒక్కసారి కిందికి పడుతోంది, మళ్లీ మెట్టు ఎక్కుతోంది.

"చూడండి సార్, రోజూ మధ్యాహ్నం రెండింటికి రెండంగుళాల నీళ్లు మాయమవుతున్నాయి. రాత్రి పదింటికి నాలుగంగుళాలు తిరిగొస్తున్నాయి. పొద్దున ఆరింటికి మళ్లీ రెండు మాయం. ఎవరో నీళ్లు తోడుతున్నారు."

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తోడినవాడు పదింటికి తెచ్చి మళ్లీ పోస్తున్నాడంటావా? అంత మంచి దొంగ ఎవడమ్మా?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అంగుళం నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి తన జేబులోని పెన్ను మీదికి పోయింది. ఆరు, రెండు, పది. అవి షిఫ్టులు మారే వేళలు. దొంగ ఒకడు కాడు, ముగ్గురు. తనొక్కడే కాదన్నమాట!

మేనేజరు నవ్వు ఆపి ఒక నిట్టూర్పు విడిచాడు. మడుగు కారుతోందో, కొలబద్దే కదిలిందో, ఏదైనా సరే, ఇలాంటి మడుగుని నమ్ముకుని బజారుకి పోతే నవ్వులపాలవుతామన్నాడు. బుధవారం యజమానుల సమావేశం. చేరవద్దని రాసేస్తానన్నాడు. పోతూ పోతూ అంగుళం భుజం తట్టి, "నీ కళ్లు మంచివి. రెండ్రోజులు గట్టు చుట్టూ తిరిగి ఆ దొంగెవడో చూడవయ్యా," అన్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అలాంటిది, పట్టమని ఇంటి దొంగకే చెప్పిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన భార్య ఒక గౌను ఒళ్లో పెట్టుకుని అంచు విప్పుతోంది. నిరుడు కుట్టిందట, పిల్ల ఎదిగిందట. లోపలికి మడిచిన బట్ట నాలుగంగుళాలు బయటికొచ్చింది. మడతలో ఉన్న మేర రంగు వెలవకుండా కొత్తగా మెరుస్తోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తరువాత పక్కన కూలబడి, పెళ్లయిన ఇన్నేళ్లలో పెళ్లానికి కూడా చెప్పని నాలుగంగుళాల సంగతి మొత్తం చెప్పేశాడు. చెబితే ఉద్యోగం పోవచ్చు. ఇరవై తొమ్మిదేళ్లు దొంగరాతలు రాశాడని పేరూ పడొచ్చు. చెప్పకపోతే బజారు పోతుంది, పెద్ద మిషను పోతుంది. తాతకిచ్చిన మాట సంగతి సరేసరి.

ఆవిడ నోట్లోంచి సూది తీసింది. ముఖ్యమైన మాట అయితేనే తీస్తుంది.

"మీ తాత మడత పెట్టింది మంచికే పెట్టాడు. కాదనను. మడత పెట్టేది పిల్ల ఎదిగిన రోజున విప్పడానికే కదండీ! విప్పకుండా ఉంచితే లోపలి బట్ట ఎవరిక్కనపడుతుంది? గౌను పొట్టి అంటారు, అవతల పారేస్తారు."

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. ఆఫీసులో చెప్పే ముందు ఒక మనిషిని కదపాలి.

రెండో షిఫ్టు ఆయన పేరు నిదానం. అన్నం ముద్ద కూడా ఆలోచించి గానీ మింగడు. ఆ రోజు అతనికి సెలవు. ఇంటి ముందు సైకిలు బోర్లా పెట్టి గొలుసుకి నూనె పోస్తున్నాడు. అంగుళం వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్క మాట అడుగుతా. నిజం చెప్పు. నీదెంత?"

నిదానం చెయ్యి ఆగింది. చాలాసేపు నూనె చుక్కల్నే చూశాడు. "ఏది ఎంత అన్నా?"

"నాది నాలుగు."

ఆ మాటకి అతని మొహం ముందు ఎర్రబడింది, తరువాత విచ్చుకుంది. "ఆరు," అన్నాడు నెమ్మదిగా.

"ఆరా! నీ దుంపతెగ, ఆరెందుకురా?"

"నీది నాలుగని నాకేం తెలుసు? నువ్వు చూసింది చూసినట్టు రాసే సత్యవంతుడివని, నీకూ కలిపి నేనే దాస్తున్నా."

"మరి మూడో షిఫ్టు?"

"వాడికి భయం ఎక్కువ. రెండుకి మించి దాచలేడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, సైకిలు చక్రం దానంతటది తిరుగుతుంటే, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వారు. పదకొండేళ్లుగా ఒకే కుర్చీ, ఒకే పెన్ను, ఒకే కొలబద్ద. పక్కవాడి కాగితం చూడటం మర్యాద కాదని ఎవరూ చూడలేదు. నవ్వు తగ్గాక అంగుళం రేపే చెప్పేస్తానన్నాడు. నిదానం ఆలోచించాడు. ఎంతసేపు ఆలోచించాడంటే లోపలి నుంచి భార్య రెండుసార్లు పిలిచింది. చివరికి, "నీ నాలుగూ చెబితే నా ఆరు ఎలాగూ బయటపడతాయి. కలిసే చెబుదాం," అన్నాడు.

శనివారం ఒంటిగంటన్నరకి అంగుళం లెక్కలమ్మాయిని కొండ మీదికి రమ్మన్నాడు. ఆ అమ్మాయి నూరో మెట్టు దగ్గర ఆగి, నూటయాభై దగ్గర కూర్చుని, ఎలాగో పైకొచ్చింది. వచ్చిన రెండు వారాల్లో మడుగుని కళ్లతో చూడటం అదే మొదలు.

"కొలబద్ద మీద ఎంతుందో చూడు తల్లీ."

"ఆరడుగుల ఎనిమిది."

ఆయన రిజిస్టరు తిప్పి చూపించాడు. గుండ్రటి దస్తూరీలో ఆరడుగుల నాలుగు అని ఉంది. ఆ అమ్మాయి మంచిది, సాకు కూడా తనే వెతికిపెట్టింది. "ఇది ఒంటిగంటకి రాసింది కదా బాబాయ్ గారూ. ఈలోపు పెరిగిందేమో."

"పెరగలేదమ్మా. నీ దొంగని నేనే. నాలుగంగుళాలు నా దగ్గరే ఉన్నాయి. ఇంకో దొంగ రెండింటికి డ్యూటీకొస్తాడు, వాడి దగ్గర ఆరున్నాయి."

అన్నట్టే నిదానం వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, అదే నీళ్లని చూసి, అలవాటుగా ఆరడుగుల రెండు అని రాయబోయి, ఇద్దరూ తననే చూస్తున్నారని గుర్తొచ్చి పెన్ను కింద పెట్టేశాడు. లెక్కలమ్మాయి కొలబద్ద వంకా రిజిస్టరు వంకా మార్చి మార్చి చూసింది. కోప్పడుతుందనుకున్నారు ఇద్దరూ. ఆ అమ్మాయి గట్టు మీద చతికిలబడి, చేతులు రెండూ తల మీద పెట్టుకుని, "అమ్మయ్య, మడుగు కారట్లేదు!" అంది. మరుక్షణం లేచి, వచ్చేటప్పుడు కూర్చుంటూ ఎక్కిన మెట్లన్నీ పరుగున దిగింది.

ఎందుకా పరుగంటే, దస్తూరీ చూస్తే రాసింది ఎవరో తెలుస్తుంది. ఎవరో తెలిస్తే ఎన్ని కలపాలో తెలుస్తుంది. గుండ్రటి అక్షరాలకి నాలుగు, వాలు అక్షరాలకి ఆరు, ముక్కలు ముక్కలుగా రాసిన వాటికి రెండు. ఇన్నేళ్ల రిజిస్టర్లూ ఒక్కసారిగా నిజమైపోతాయి. దిగిపోయిన పాతవాళ్ల కాగితాలు మిగిలాయి. వాళ్లకి అంగుళమే ఫోన్లు చేశాడు. ఒకాయన ససేమిరా అన్నాడు. తన జన్మలో ఒక్క అంగుళం కూడా దాచలేదని ప్రమాణం దాకా వెళ్లాడు. ఇంతలో ఆయన వెనక నుంచి ఆడగొంతు వినిపించింది. "ఐదు కదండీ, ఐదని మీరే నాకెన్నోసార్లు చెప్పారు!" లెక్కలమ్మాయి ఐదు కలిపింది. గీత సాఫీ అయింది.

అసలు గండం మేనేజరు. ఆయన మూడు గంటలకి వచ్చాడు. అంగుళం నిలబడి, గేటు తాత దగ్గర నుంచి మొదలుపెట్టి, బేరింగు విరిగిన సాయంత్రం మీదుగా, ఈనాటి దాకా అంతా చెప్పాడు. తప్పు తనదే అన్నాడు. గేటు మీంచి దిగొచ్చిన నిదానం కూడా నెమ్మదిగా, తనదీ అన్నాడు. మేనేజరు కిటికీ దగ్గరికి పోయి పెద్ద మిషను వంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఆ రోజు పూర్తిగా తిప్పమని ఫోను చేసింది నేనే," అన్నాడు మేనేజరు, వెనక్కి తిరక్కుండానే. "అప్పటికి కొత్తగా చేరాను. అంకె చూశాను గానీ కొండెక్కి నీళ్లు చూడలేదు. ఆ ముసలాయన వద్దన్నాడు, నేను వినలేదు. వినుంటే మీరు దాచాల్సిన పనే ఉండేది కాదు."

మేనేజరే తేరుకుని, దాచకుండా ఉండాలంటే ఏం కావాలో చెప్పమన్నాడు. అంగుళం ఆ ప్రశ్న కోసమే ఇరవై తొమ్మిదేళ్లు కాచుకున్నట్టు ఠక్కున చెప్పాడు. కొలబద్ద మీద నాలుగడుగుల దగ్గర ఒక గుర్తు పెట్టాలి. అది అందరికీ కనపడాలి. ధర ఎంత పలికినా సరే, ఆ గుర్తు కిందికి నీళ్లు తీయమని ఎవరూ ఫోను చేయకూడదు. మేనేజరు కాగితం తీసుకుని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. రంగు డబ్బా వెతికే ఓపిక ఎవరికీ లేదు. అంగుళం ఇంటికి పరుగెత్తి, భార్య దగ్గర మూరెడు ఎర్ర నాడా తెచ్చి, తొడల దాకా పంట్లాం మడిచి, నీళ్లలోకి దిగి, మెడ మునిగేదాకా వంగి కొలబద్దకి కట్టాడు. అది నీళ్ల కింద ఎర్రగా కనిపిస్తూనే ఉంది.

సమావేశానికి మూడు సాయంత్రాలు మిగిలాయి. ఆదివారం చెప్పింది చెప్పినట్టు వచ్చింది. సోమవారం కూడా అంతే. మంగళవారం ఆరున్నరకి, ఎక్కడో పెద్ద కరెంటు కేంద్రం ఒకటి ఆగిపోయిందట, తెర మీద ధర గంతులేసింది. పొద్దుటి ధరకి తొమ్మిది రెట్లు. లెక్కలమ్మాయి కుర్చీలో కూర్చోలేక నిలబడి టైపు కొడుతోంది. రెండు మిషన్లూ పూర్తి హోరులో ఉన్నాయి. అంగుళం ఆ రోజు కూడా ఇంటికి పోలేదు. మడుగు గట్టున నిదానం పక్కనే టార్చిలైటు పట్టుకుని కూర్చుని, అంగుళం అంగుళం దిగుతున్న నీళ్లని కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఎర్ర నాడా ఇంకా నాలుగంగుళాల కింద ఉంది.

ఫోను మోగింది. "బాబాయ్ గారూ, ఇంకా ఎంతసేపు ఇస్తామని రాయను? ధర ఇంకో గంట ఇలాగే ఉండేలా ఉంది."

ఆయన నీళ్ల వంక చూశాడు. అలవాటు ప్రాణం, నోటి దాకా ఒక్క పావుగంటే అనే మాట వచ్చింది. మింగేశాడు.

"రెండు పావుగంటలు రెండు మిషన్లూ. మూడో పావుగంట నుంచి చిన్నదొక్కటే. దానికి మడుగులోకి ఏరు తెచ్చి పోసే నీళ్లు చాలు."

మూడో పావుగంట ధర అన్నిటికంటే ఎక్కువ ఉందని ఆయనకి తెలుసు. తెర ముందున్న మేనేజరుకి ఇంకా బాగా తెలుసు. ఒకప్పటి గొంతే ఫోనులో వినిపించింది, కాకపోతే ఈసారి ఆ అమ్మాయితో చెబుతోంది. "ఆయనెంత చెబితే అంతే రాయమ్మా."

రెండు పావుగంటలు గడిచాయి. పెద్ద మిషను హోరు తగ్గింది. నీళ్లు ఎర్ర నాడాకి అరంగుళం పైన నిలిచిపోయాయి. నిదానం వంగి చూసి, ఇంకోసారి చూసి, చాలాసేపు ఆలోచించి, "అరంగుళం వృథా చేశావన్నా," అన్నాడు. అంగుళం వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు.

బుధవారం మధ్యాహ్నానికి కబురొచ్చింది. చేరుతున్నాం, రెండు మిషన్లూ, మూడు షిఫ్టులూ, వచ్చే నెల ఒకటి నుంచి. ఆ మాట మేనేజరు పూర్తిచేసేలోపే మిషన్ల ఇంట్లో ఎవరో ఇనుప పళ్లెం మోగించారు. అంగుళం భార్యకి ఫోను చేస్తే, ఆవిడ అంతా విని, నా నాడా ఎప్పుడిస్తారని అడిగింది.

ఒకటో తారీఖు రానే వచ్చింది. ఇక ఉత్తుత్తి కాదు, నిజం బేరం. పొద్దున ఆరింటి నుంచి అంగుళం ప్రతి గంటా కొలబద్ద చూశాడు, చూసింది చూసినట్టు రాశాడు. మొదటి అంకె రాయడానికి మాత్రం చెయ్యి కాస్త మొరాయించింది. ఏడడుగుల ఒకటి. రాశాక పెన్ను కింద పెట్టి, మంచి చొక్కా వేసుకున్నవాడిలా ఆ అంకెని కాసేపు చూసుకున్నాడు.

రెండింటికి నిదానం వచ్చాడు. కుర్చీ వదిలాడు అంగుళం, కూర్చున్నాడు నిదానం. కొలబద్ద చూశాడు. ఈసారి ఆలోచించలేదు. పక్కకి వంగి, ఇన్నేళ్లలో మొదటిసారి, అంగుళం కాగితంలోని ఆఖరి అంకె చూశాడు. తన కాగితం మీద అదే రాశాడు.

కింద నుంచి ఫోను మోగింది. లెక్కలమ్మాయి గొంతు ఉత్సాహంతో వణుకుతోంది. "బాబాయ్ గారూ, రెండు దాటింది. గీత కదల్లేదు!"

"మరి దొంగ దొరికాడు కదా తల్లీ," అన్నాడు అంగుళం. టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు, ఈసారి మరిచిపోకుండా.